చేయి తిరిగినవారిని పంపేశాక మార్పు ఎవరు తెస్తారు? జర్మన్ పరిశ్రమ పెద్దలకు బహిరంగ లేఖ

జర్మన్ పారిశ్రామిక సమాఖ్య అధ్యక్షులు పీటర్ లైబింగర్ గారికి, ఐజీ మెటాల్ కార్మిక సంఘం అధ్యక్షురాలు క్రిస్టియానె బెన్నర్ గారికి, ఫెడరల్ ఆర్థిక, ఇంధన శాఖల మంత్రి కాథరీనా రైషె గారికి,

నమస్కారాలు.

నేను బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థలో ఉత్పత్తి విభాగం ఇంజినీరుగా పనిచేస్తున్న తెలుగువాణ్ని. ఇక్కడే పన్ను కడుతున్నాను, ఇక్కడి సంఘంలోనే సభ్యుణ్ని, నా పిల్లలు చదువుతున్నదీ ఇక్కడి బడిలోనే. ముగ్గురికీ కలిపి ఒకే లేఖ రాయడానికి కారణం ఉంది. నేను ప్రస్తావించబోయే విషయం మీ ముగ్గురి చేతుల్లోనూ తలా కొంత ఉంది. ఏ ఒక్కరూ ఒంటరిగా దాన్ని చక్కదిద్దలేరు, అది తమ పని కాదనీ ఏ ఒక్కరూ అనలేరు.

జర్మనీ ఆర్థిక వ్యవస్థ 2023లోనూ 2024లోనూ వరుసగా కుంచించుకుపోయింది. 2025లో కనిపించిన పెరుగుదల నామమాత్రం. 2028 నాటికి జర్మనీలో 14,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తామని వాహనాల గేర్‌బాక్సులు, విడిభాగాలు చేసే జెడ్ఎఫ్ సంస్థ 2024 జూలైలో ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో థిస్సెన్‌క్రుప్ ఉక్కు విభాగం 11,000 ఉద్యోగాలను తగ్గించడమో బయటివారికి అప్పగించడమో చేస్తామంది. డిసెంబరులో ఫోక్స్‌వాగన్ 2030 లోపు 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించే ఒప్పందం కుదుర్చుకుంది. 2025 సెప్టెంబరులో బోష్ తన వాహన విభాగంలో 13,000 ఉద్యోగాలకు కోత ప్రకటించింది. 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 21,800 సంస్థలు దివాలా తీశాయి. కారణాలు మీకు తెలియనివి కావు. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు ఈ దేశం దిగుమతి చేసుకునే గ్యాసులో సగానికి పైగా రష్యా నుంచే వచ్చేది. చైనాలో ఏళ్ల తరబడి అగ్రస్థానంలో ఉన్న ఫోక్స్‌వాగన్ బ్రాండును 2023లో చైనా కార్ల సంస్థ బీవైడీ దాటేసింది. వీటి మీద నివేదికలకు కొదవ లేదు కనుక నేను ఆగి వివరించను. నన్ను కలవరపెడుతున్నది ఈ తగ్గింపు జరుగుతున్న తీరు. మార్పు తెచ్చుకోగల శక్తి ఎవరిలో ఉందో వారినే అది అందరికంటే ముందు బయటికి పంపేస్తోంది.

మా తెలుగునాట వీఆర్ఎస్ అని పిలిచే స్వచ్ఛంద విరమణ పద్ధతే పేర్లు మార్చుకుని ఇక్కడా నడుస్తోంది. యాభై ఏడో ఏటనుంచి సగం పని, తర్వాత పూర్తి విరమణ. లేదా సంవత్సరాల సర్వీసును బట్టి ఒకేసారి చేతికిచ్చే పరిహారం. బలవంతంగా ఎవరినీ తీసేయలేదని యాజమాన్యమూ సంఘమూ కలిసి ప్రకటిస్తాయి. ఆ మాటకు ఉన్న మానవీయ విలువను నేను తక్కువ చేయను. రేపు ఇల్లు ఎలా గడుస్తుందన్న భయం లేకుండా ఒక మనిషి ఇంటికి వెళ్లగలగడం చిన్న విషయం కాదు. అయితే ఎవరు వెళ్లాలో ఈ పద్ధతిలో నిర్ణయించేది సంస్థ అవసరం కాదు. అచ్చులు, పనిముట్లు తయారుచేసే, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న టూల్‌మేకరు ముందు వెళ్తాడు. బయట వెంటనే పని దొరుకుతుందన్న ధీమా ఉన్న ముప్ఫై అయిదేళ్ల ప్రోగ్రామరు పరిహారం తీసుకుని తర్వాత వెళ్తాడు. అదే సమయంలో కింది నుంచి కొత్తవారి రాక సన్నగిల్లుతుంది. ఫోక్స్‌వాగన్ ఒప్పందంలో 2026 నుంచి ఏటా తీసుకునే అప్రెంటిస్‌ల సంఖ్య 1,400 నుంచి 600కు తగ్గింది. 35,000 అన్న అంకె పతాక శీర్షికలకు ఎక్కింది, ఈ 600 అన్న అంకె లోపలి పేజీల్లో ఉండిపోయింది. పదేళ్ల తర్వాతి పరిశ్రమ గురించి రెండో అంకె చెప్పేదే ఎక్కువని నా అభిప్రాయం.

ఆ టూల్‌మేకరుతో పాటు పోయేది ఏమిటో షాప్ ఫ్లోర్‌కు దూరంగా ఉండేవారికి అంత సులభంగా కనిపించదు. డీజిల్ ఇంజెక్టరులో కదిలే సూదికీ అది కదిలే రంధ్రానికీ మధ్య ఖాళీని మైక్రాన్లలో కొలుస్తాం. డ్రాయింగు ఫైలులో ఉంటుంది, యంత్రాన్ని కంప్యూటరుతో నడిపే సీఎన్‌సీ ప్రోగ్రాము సర్వరులో ఉంటుంది. కూలెంటు వేడెక్కినప్పుడు గ్రైండింగు చక్రం ఎలా ప్రవర్తిస్తుందో, ఏ ఉక్కు గట్టిపరిచాక ఎటు వంగుతుందో, కొలత సరిగానే ఉన్నా ముక్కను చేత్తో తడిమి పక్కన పెట్టేయాల్సిన సందర్భం ఏదో మాత్రం మనుషుల్లో ఉంటుంది. అది ఒకరి దగ్గర్నుంచి మరొకరికి పక్కపక్కన నిలబడి పనిచేసిన ఏళ్లలోనే అందుతుంది. ఆ చేతికి డీజిల్‌తో ప్రత్యేక బంధమేమీ లేదు. చిప్పుల తయారీ యంత్రాలకు కావలసిన వాక్యూమ్ భాగాలు, హైడ్రోజన్ వాల్వులు, శస్త్రచికిత్స పరికరాలు, రోబోల కీళ్లలోని గేర్లు ఇవన్నీ అదే సూక్ష్మతను కోరతాయి. డీజిల్ వ్యవస్థకు పదిమంది అవసరమైన చోట పెట్రోలుకు ముగ్గురు, విద్యుత్ మోటారుకు ఒక్కరు చాలని బోష్ సంస్థే కొన్నేళ్ల కిందట లెక్క చెప్పింది. కాబట్టి అందరికీ కార్లలోనే చోటు దొరుకుతుందని నేను వాదించడం లేదు. మిగిలిన తొమ్మిదిమంది చేతులకు తగిన వస్తువు ఏదన్న ప్రశ్న, పరిహారం లెక్క వేయడానికి ముందు బల్ల మీదికి రావాలన్నదే నా వాదన.

లైబింగర్ గారూ, ఇది జరగగల పనే అనడానికి మీ ఇంటి ఉదాహరణే చాలు. మీ కుటుంబ సంస్థ ట్రుంఫ్ లోహపు రేకులు కోసే యంత్రాలతో పేరు తెచ్చుకుంది. ఇవాళ ప్రపంచంలోని అత్యాధునిక చిప్పులు తయారయ్యే ఈయూవీ (తీవ్ర అతినీలలోహిత కాంతి) యంత్రాల్లో, సెకనుకు 50,000 తగరపు బిందువులను కొట్టే లేజరు డిట్జింగెన్‌లో తయారవుతోంది. ఆ యంత్రాల అద్దాలు ఓబర్‌కోహెన్‌లోని కటకాల సంస్థ జైస్‌లో తయారవుతాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్ఎంఎల్ ఈ రెండింటినీ కూర్చి అమ్ముతోంది. ఈ పనికి గాను ట్రుంఫ్, జైస్, జేనా నగరంలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థల నిపుణులకు 2020లో జర్మన్ అధ్యక్షుని సాంకేతిక పురస్కారం దక్కింది. లాభం కనిపించడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టిన ఈ పని, అన్నేళ్లు ఆ బృందాలు చెదరకుండా ఉండబట్టే సాధ్యమైంది. మధ్యలో వచ్చిన 2009 మాంద్యంలో పారిశ్రామిక సంస్థలు పనిగంటలు తగ్గించి, ప్రభుత్వ సాయంతో మనుషులను అట్టిపెట్టుకున్నాయి. ఆ ఏడాది జాతీయోత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు, మరుసటి ఏడాదే పరిశ్రమ లేచి నిలబడింది. అయితే అప్పుడు తగ్గినది గిరాకీ మాత్రమే. చేసే వస్తువు అదే, కొనేవారు తిరిగి వచ్చారు. ఇప్పుడు వస్తువే మారుతోంది కనుక పనిగంటల తగ్గింపు ఒక్కటే సరిపోదు. ఆ ఖాళీ గంటల్లో కొత్త పని నేర్పాలి.

బెన్నర్ గారూ, మీ సంఘం చరిత్రలో ఇంతకంటే కష్టమైన నిర్ణయాలు ఉన్నాయి. 1993లో ఫోక్స్‌వాగన్‌లో 30,000 ఉద్యోగాలు అదనమని తేలినప్పుడు, జీతం తగ్గించుకుని వారానికి నాలుగు రోజులు, 28.8 గంటల పనికి కార్మికులు ఒప్పుకున్నారు. 1994 నుంచి నడిచిన ఆ ఉద్యోగ భద్రత ఒప్పందాన్నే సంస్థ 2024 సెప్టెంబరులో రద్దు చేసింది. ఆ డిసెంబరులో డెబ్భై గంటలకు పైగా సాగిన చర్చల్లో మీ ప్రతినిధులు కర్మాగారాల తక్షణ మూసివేతను ఆపగలిగారు. దానికి నేను కృతజ్ఞుణ్ని. కాని ఒస్నబ్రూక్‌లోని ఫోక్స్‌వాగన్ కర్మాగారంలో 2027 తర్వాత ఏం తయారవుతుందో తేల్చకుండానే సంతకాలు జరిగాయి. ఆ కర్మాగారం 2009లో కార్మాన్ సంస్థ దివాలా తీసినప్పుడు ఒకసారి ఇదే అనిశ్చితిని చూసింది. ఉద్యోగాల సంఖ్య, పరిహారం, గడువు గురించి బేరమాడటంలో సంఘానికి ఉన్న నేర్పు, వస్తువు గురించి బేరమాడటంలోనూ కనబడాలి. 1976 చట్టం ప్రకారం 2,000 మందికి మించిన సంస్థల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగులవే. ఆ కుర్చీల్లో కూర్చున్నవారు అయిదేళ్ల ఉత్పత్తి ప్రణాళిక చూపమని అడగడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.

ఒకప్పటి బొగ్గు గనుల సీమ రూర్ ప్రాంతాన్ని ఇక్కడ తలచుకోక తప్పదు. 1957లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది పనిచేసేవారు. చివరి గని ప్రోస్పెర్-హానియెల్ 2018 డిసెంబరు 21న మూతపడింది. అరవై ఏళ్లపాటు సాగిన ఆ ఉపసంహరణలో గని కార్మికుణ్ని ఎవరూ వీధిలో వదిలేయలేదు. అది గౌరవించదగిన సంగతే. అయినా రూర్‌లోని గెల్సెన్‌కిర్షెన్ ఇప్పటికీ దేశంలో నిరుద్యోగం అత్యధికంగా ఉన్న నగరాల్లో ఒకటి. గనుల నుంచి దిగిపోయేవారికి పింఛను ఏర్పాటు జరిగినంత శ్రద్ధగా వారి పిల్లలకు పని ఏర్పాటు జరగలేదు. బొగ్గు కంపెనీలు తమ స్థలాలను కొత్త పరిశ్రమలకు అమ్మడానికి ఏళ్ల తరబడి ఇష్టపడలేదు. తమ కార్మికులు మరో యజమాని దగ్గరికి పోతారన్న భయం వాటిది. రూర్‌లోని బోహుమ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలయ్యేసరికి 1965 వచ్చింది. రూర్ అనుభవాన్ని విజయమనేవారూ ఉన్నారు, వైఫల్యమనేవారూ ఉన్నారు. నాకు కనిపించేది ఇంతే: వయసు మళ్లినవారిని కాపాడటం, తర్వాతి తరానికి పని చూపడం రెండు వేర్వేరు బాధ్యతలు. మొదటిది చక్కగా నెరవేరినంత మాత్రాన రెండోది దానంతట అది జరిగిపోదు. ఇప్పటి ఒప్పందాలు మళ్లీ మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నాయి.

రైషె గారూ, మీరు బ్రాండెన్‌బుర్గ్‌లోని లుకెన్‌వాల్డెలో పుట్టి పెరిగారు. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక, ప్రభుత్వ సంస్థలను అమ్మే బాధ్యత తీసుకున్న ట్రాయ్‌హాండ్ సంస్థ చేతుల్లో తూర్పు జర్మనీ కర్మాగారాలకు ఏం జరిగిందో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం మీకు లేదు. యంత్రాలు పాతవన్న మాట నిజం, మార్కెట్ మాయమైందన్న మాటా నిజం. కాని మనుషులు చెదిరిపోయాక ఆ ఊళ్లకు డబ్బు వచ్చినా పని చేసేవారు మిగలలేదు. జేనాలో కథ కొంత వేరుగా నడిచింది. ప్రభుత్వ సంస్థల సమూహమైన జైస్ కాంబినేట్‌లో వేలాది ఉద్యోగాలు అక్కడా పోయాయి. అయితే తురింగియా రాష్ట్రం, దాని నుంచి ఏర్పడిన యెనోప్టిక్ సంస్థను తన చేతిలోకి తీసుకుని, లోథార్ ష్పేట్ నాయకత్వంలో పెట్టుబడి పెట్టి నిలబెట్టింది. గాజు, కటకాల పని తెలిసినవారు ఊరు విడిచిపోకముందే వారి చుట్టూ విశ్వవిద్యాలయం, పరిశోధన సంస్థలు, చిన్న కంపెనీలు చేరాయి. ట్రుంఫ్, జైస్‌లతో కలిసి పురస్కారం అందుకున్న సంస్థ ఈ నగరంలోనే ఉండటం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

మా హైదరాబాదులోనూ ఇలాంటిదే జరిగింది. ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్‌లో పెట్టిన మందుల కర్మాగారం చివరికి మూతపడింది. అయితే అందులో పని నేర్చుకున్న రసాయన నిపుణులు ఊళ్లోనే ఉండిపోయారు. వారిలో ఒకరైన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఇవాళ ప్రపంచమంతటికీ మందులు పంపే హైదరాబాదు ఔషధ పరిశ్రమ మూలాలు ఆ మూతపడిన ఆవరణలోనే ఉన్నాయి. సంస్థ పోయినా పరిశ్రమ మిగలగలదు. నేర్చినవారు ఒకరికొకరు అందుబాటులో ఉండటం అందుకు కనీస షరతు.

పని ఇక్కడి నుంచి హైదరాబాదుకో పుణెకో తరలితే తెలుగువాడిగా సంతోషించాలి కదా అని నన్ను అడిగే సహోద్యోగులు ఉన్నారు. ఫ్రీడ్రిష్‌హాఫెన్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న జెడ్ఎఫ్‌కు హైదరాబాదులో పెద్ద సాంకేతిక కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే యువకుల ప్రతిభ మీద నాకు అపారమైన గౌరవం. అయితే గేర్‌బాక్సును తెర మీద రూపొందించేవారికి, దాన్ని కోసి, వేడిచేసి, పరీక్షించి తప్పు చూపించే షాప్ ఫ్లోర్ ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇక్కడిది ఆరిపోయి, అక్కడ అలాంటిది ఇంకా నిలదొక్కుకోకపోతే రెండు చోట్లా నష్టమే. ఈ విషయంలో నా రెండు ఊళ్ల ప్రయోజనాలు ఒకదానికొకటి ఎదురు నిలవవు.

ప్రభుత్వం గురించి కొంచెం గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఈ దేశం వేగంగా కదలలేదన్నది నిజం కాదు. యుద్ధం మొదలైన పది నెలల్లోపే విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో ఎల్ఎన్‌జీ (ద్రవీకృత సహజవాయువు) టెర్మినల్ సిద్ధమైంది. దానికి దాదాపు ఒక ఏడాది ముందు, 2021 డిసెంబరులో, ల్యూడెన్‌షైడ్ దగ్గర ఏ45 రహదారి మీది రామెడె వంతెన మూతపడింది. 2023 మేలో దాన్ని పేల్చివేశారు, 2025 డిసెంబరు చివరికి గాని కొత్త వంతెన మీద వాహనాలు నడవలేదు. చుట్టుపక్కల ఉన్న వందలాది చిన్న లోహ పరిశ్రమలు నాలుగేళ్లపాటు తమ లారీలను ఊరి వీధుల గుండా తిప్పుకున్నాయి. ఒక పని అత్యవసరమని ఢిల్లీలోనైనా బెర్లిన్‌లోనైనా పై స్థాయిలో అనుకుంటేనే వేగం వస్తుంది. ఆ వంతెన ఉన్న సాయర్లాండ్ ప్రాంతంలో స్క్రూలు తయారుచేసేవారికి ఆ వంతెన గ్యాసు టెర్మినలంత అత్యవసరం.

వేగం కంటే ముఖ్యమైనది నిలకడ. 2023 నవంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం 6,000 కోట్ల యూరోలను వాతావరణ నిధికి మళ్లించడాన్ని కొట్టేసిన తర్వాత, విద్యుత్ కార్ల కొనుగోలుకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని డిసెంబరులో ఒక శనివారం ప్రకటించి మరుసటి రోజుకల్లా ఆపేశారు. అంతకుముందు ఆ కార్ల కోసం కొత్త లైన్లు వేసుకున్న సరఫరాదారుల్లో చాలామంది అప్పు తీర్చే దశలో ఉన్నారు. ప్రభుత్వం మాట మీద యంత్రం కొన్నవాడు ఒకసారి మోసపోతే, తర్వాతి పథకం ఎంత మంచిదైనా చేయి చాచడానికి వెనుకాడతాడు. మరోవైపు మాగ్డెబుర్గ్‌లో ఇంటెల్ కర్మాగారానికి దాదాపు 1,000 కోట్ల యూరోల సాయం వాగ్దానం చేశారు. 2025 జూలైలో ఆ సంస్థ ప్రణాళికనే వదిలేసుకుంది. హైడె దగ్గర బ్యాటరీ కర్మాగారం కడతానన్న నార్త్‌వోల్ట్ స్వీడన్‌లో దివాలా తీసింది. ఉక్కు సంస్థ ఆర్సెలర్‌మిత్తల్ 130 కోట్ల యూరోల సాయం సిద్ధంగా ఉన్నా బ్రెమెన్, ఐజెన్‌హ్యూటెన్‌స్టాట్‌లలో హరిత ఉక్కు పనిని విరమించుకుంది. కొత్తవారిని పిలవడం తప్పని నేను అనను. అదే పట్టుదలలో పదో వంతు, ఇక్కడే ఉన్న రెండు వందల మంది, మూడు వందల మంది పనిచేసే సంస్థలు కొత్త వస్తువుకు మారడానికి చూపించి ఉంటే బాగుండేదని అంటున్నాను. కొత్త పని నేర్చుకునే కాలంలో జీతంలో కొంత భాగం భరించే పథకం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కర్మాగారాల్లో దాని పేరు విన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకంటే దాని షరతులు, కాగితాలు పెద్ద మానవ వనరుల విభాగం ఉన్న సంస్థను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

గ్యోర్లిట్స్‌లో 1849 నుంచి రైలు పెట్టెలు తయారుచేసిన కర్మాగారాన్ని ఫ్రెంచి రైళ్ల తయారీ సంస్థ ఆల్‌స్టోమ్ వదులుకుంటే, 2025 ఫిబ్రవరిలో యుద్ధ ట్యాంకుల సంస్థ కేఎన్‌డీఎస్ తీసుకోవడానికి ఒప్పందం జరిగింది. దాదాపు సగం మందికి పని నిలిచింది. ప్రజలు ప్రయాణించే పెట్టెలు చేసిన చేతులు ఆయుధాల వైపు మళ్లడం నాకు బాధ కలిగించింది. అయినా వెల్డరు వెల్డరుగా అదే ఊళ్లో మిగిలాడన్న నిజాన్ని కాదనలేను. రక్షణ బడ్జెట్ ఒక్కటే కొత్త వస్తువుగా కనిపించే స్థితి రాకూడదు. 2025 మార్చిలో రాజ్యాంగాన్ని సవరించి 12 ఏళ్లకు ఏర్పాటు చేసిన 50,000 కోట్ల యూరోల నిధి రైల్వేలకు, వంతెనలకు, విద్యుత్ లైన్లకు వెళ్లవలసింది. ఆ కొనుగోళ్లు ఏ ఏడాది ఎంత ఉంటాయో ముందే ప్రకటిస్తే, కార్ల భాగాలు చేసే సంస్థ ట్రాన్స్‌ఫార్మరు భాగాల వైపు, రైలు బ్రేకుల వైపు ధైర్యంగా మళ్లగలదు.

మరో మాట. ఏటా భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. ఆ మాట నమ్మి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చి ఆఖెన్‌లో, కెమ్నిట్స్‌లో ఆటోమొబైల్ ఇంజినీరింగు చదివిన పిల్లలు, పట్టా చేతికొచ్చాక దొరికే 18 నెలల ఉద్యోగాన్వేషణ గడువులో కంపెనీల తలుపులు మూసుకుపోవడం చూస్తున్నారు. చదివించిన ఖర్చు ఈ దేశానిదే, ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవే. విరమించే టూల్‌మేకరు పక్కన ఏడాదిపాటు నిలబడి పని నేర్చుకునే అవకాశం ఈ పిల్లలకూ, ఇక్కడ పుట్టిన అప్రెంటిస్‌లకూ కలిపి కల్పించవచ్చు. అలా నేర్పడానికి ఒక ఏడాది ఆగే టూల్‌మేకరుకు పరిహారంలో కొంత అదనం ఇవ్వడం, ఆ జ్ఞానాన్ని పోగొట్టుకుని మళ్లీ కొనుక్కోవడం కంటే ఎంతో చవక.

2026 నుంచి 2028 వరకు భారీగా కరెంటు వాడే సంస్థలకు యూనిట్ 5 సెంట్లకు చేరేలా సాయం చేస్తామన్నారు. అందులో సగం పర్యావరణహిత పెట్టుబడుల్లోకి వెళ్లాలన్న నిబంధన ఉంది. రైషె గారూ, అప్రెంటిస్‌ల సంఖ్యను తగ్గించకూడదన్న నిబంధనను కూడా దానికి చేర్చండి. లైబింగర్ గారూ, సరఫరాదారుడు కొత్త వస్తువుకు మారే రెండు మూడేళ్లు పాత ఆర్డర్ల ధరలను ఏటా కోసే అలవాటును ఆపమని మీ సభ్యులైన పెద్ద సంస్థలను బహిరంగంగా కోరండి. బెన్నర్ గారూ, లోహ, విద్యుత్ పరిశ్రమల వేతన ఒప్పందం గడువు 2026 అక్టోబరు 31తో ముగుస్తుంది. ఆ చర్చల్లో శాతాల పక్కన ఒక కొత్త క్లాజు పెట్టండి: ఏ సంస్థ అయినా స్వచ్ఛంద విరమణ పథకం తెరిచే ముందు, ఆ ఆవరణలో తర్వాత ఏం తయారవుతుందో, అందుకు ఎవరి నైపుణ్యం అవసరమో రాతపూర్వకంగా చెప్పి తీరాలి. బల్లకు అవతలి వైపు కూర్చునేది యాజమాన్యాల సంఘం గెజామ్ట్‌మెటాల్ అయినా, లైబింగర్ గారి సమాఖ్య ముందుగా సమ్మతి తెలిపితే ఆ క్లాజు నిలబడుతుంది. కాబట్టి చర్చల తేదీలు ఖరారయ్యేలోపే, ఈ ఒక్క విషయం మీద మీరు ముగ్గురూ కలిసి కూర్చోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
జర్మనీ వాహన పరిశ్రమలో పనిచేస్తున్న ఒక తెలుగు ఇంజినీరు